లింగమార్పిడి శస్త్రచికిత్స: చేయించుకునేవారు కొందరే.. ముందస్తు పరీక్షలే ప్రాణరక్ష

తణుకు: నిడదవోలు - భీమవరం రైళ్లలోను, సంతల్లోను, గృహప్రవేశాల వేళ ఇళ్ల ముంగిట కనిపించే హిజ్రాలందరూ శస్త్రచికిత్స చేయించుకున్నవారేనన్న అభిప్రాయం డెల్టా పట్టణాల్లో పాతుకుపోయింది. 'ఆపరేషన్ అయితేనే ధ్రువపత్రం ఇస్తారు', 'ఎవరో ఒకరు గంటలో చేసేస్తారు' వంటి మాటలూ వినవస్తుంటాయి. వాస్తవం వీటికి భిన్నంగా ఉంది. ప్రపంచంలో లెక్కలు సేకరించిన చోట్ల ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్లో శస్త్రచికిత్స చేయించుకున్నవారు కొందరేనని తేలింది. చేయించుకోదలచినవారు అంతకు ముందు మానసిక, శారీరక పరీక్షలు అనేకం దాటవలసి ఉంటుంది. ఆ పరీక్షలను అడ్డంకిగా భావించి దొంగదారి పట్టినవారిలో ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. ఈ నేపథ్యంలో శస్త్రచికిత్స ఎంతమేరకు జరుగుతోంది, దానికి ముందు ఏయే పరీక్షలు అవసరం, చట్టం ఏం చెప్పింది అన్న విషయాలపై వివరాలివి.

పేరులోనే తికమక

పుట్టినప్పుడు నమోదైన లింగం ఒకటి, వ్యక్తి తనను తాను గుర్తించుకునే లింగం మరొకటి అయినప్పుడు, శరీరాన్ని ఆ గుర్తింపునకు అనుగుణంగా మార్చే చికిత్సను జనం 'లింగమార్పిడి ఆపరేషన్' అంటారు. వైద్యులు ఇప్పుడు 'లింగ ధ్రువీకరణ శస్త్రచికిత్స' అనే పేరును ఎక్కువగా వాడుతున్నారు. వ్యక్తి లింగ గుర్తింపు ముందే ఉంటుందని, శస్త్రచికిత్స దానిని కొత్తగా సృష్టించదని, శరీరాన్ని దానికి సరిచేస్తుందని ఈ పేరులోని అంతరార్థం. గర్భస్థ శిశువు ఆడో మగో తెలుసుకునే లింగ నిర్ధారణ పరీక్షకు దీనితో ఏ సంబంధమూ లేదు. ఆ పరీక్షను 1994 నాటి చట్టం నిషేధించింది. ఈ శస్త్రచికిత్సపై నిషేధం లేదు.

జననాంగాలు స్పష్టంగా లేకుండా పుట్టే శిశువుల విషయమూ వేరే. అటువంటి పసిపిల్లలకు వారి సమ్మతి లేకుండా శస్త్రచికిత్స చేసి ఆడ, మగ అని తేల్చడం తగదని మద్రాసు హైకోర్టు 2019 ఏప్రిల్‌లో తీర్పునిచ్చింది. ప్రాణాపాయ పరిస్థితులు మినహా అటువంటి చికిత్సలను నిషేధిస్తూ తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది ఉత్తర్వులు వెలువరించింది.

ఎంతమంది చేయించుకుంటున్నారు?

2011 జనాభా లెక్కల్లో తొలిసారిగా స్త్రీ, పురుష వర్గాలతో పాటు 'ఇతరులు' అనే గడి చేర్చారు. దేశం మొత్తంమీద 4,87,803 మంది ఆ గడిలో నమోదయ్యారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారి సంఖ్య 43,769. ఆ వర్గంలో అక్షరాస్యత 56 శాతం మాత్రమే. అయితే ఇది గుర్తింపునకు సంబంధించిన లెక్కే గాని శస్త్రచికిత్సల లెక్క కాదు. దేశంలో ఎన్ని శస్త్రచికిత్సలు జరుగుతున్నాయో తెలిపే జాతీయ రిజిస్టరు ఆ లెక్కల నాటికి లేదు. ప్రభుత్వ ఆసుపత్రులు, ప్రైవేటు ప్లాస్టిక్ సర్జరీ కేంద్రాలు, చాటుమాటు గదులు.. ఇలా మూడు చోట్లా జరుగుతున్నవాటిని కలిపి చూసే ఏర్పాటు జరగలేదు.

లెక్కలు పక్కాగా ఉంచే అమెరికాలో 2016 నుంచి 2020 వరకు అయిదేళ్లలో 48,019 మంది ఈ తరహా శస్త్రచికిత్సలు చేయించుకున్నట్లు 2023లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. 2016లో 4,552 మంది కాగా 2019 నాటికి ఆ సంఖ్య 13,011కు పెరిగింది. కరోనా వచ్చిన 2020లో 12,818కి స్వల్పంగా తగ్గింది. వీరిలో సగానికి పైగా, అంటే 56.6 శాతం మంది చేయించుకున్నది ఛాతీకి సంబంధించిన చికిత్స. జననాంగ శస్త్రచికిత్స చేయించుకున్నవారు 35.1 శాతం మాత్రమే. 'ఆపరేషన్' అనగానే జనం ఊహించుకునేది జననాంగ చికిత్సనే కావడం గమనార్హం.

అదే దేశంలో 2015లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై జరిగిన విస్తృత సర్వేలో ఏదో ఒక శస్త్రచికిత్స చేయించుకున్నామన్నవారు 25 శాతం. అంటే నలుగురిలో ముగ్గురు అప్పటికి ఏ కత్తికీ లోనుకాలేదు. ఖర్చు భరించలేనివారు కొందరు, ఆరోగ్యం అనుకూలించనివారు కొందరు, అసలు అవసరమే లేదనుకునేవారు మరికొందరు. మన ప్రాంతంలోనూ ఇదే తీరు. హిజ్రా సమాజం తనలో తానే ఈ తేడాను గుర్తించింది. శస్త్రచికిత్స అయినవారిని 'నిర్వాణం' అయినవారని, కానివారిని 'అక్వా' అని పిలుచుకోవడం వారిలో వాడుక.

దాయమ్మ చేతి నుంచి ఆసుపత్రి వరకు

ఆధునిక శస్త్రచికిత్సకు పూర్వమే ఈ దేశంలో నిర్వాణం అనే ఆచారం ఉంది. బహుచరా మాతను ప్రార్థించి, సమాజంలోని దాయమ్మ మత్తుమందు లేకుండానే వృషణాలను, పురుషాంగాన్ని తొలగించేది. పిమ్మట 40 రోజులు విశ్రాంతి, ఆపై వేడుక. రక్తస్రావం తట్టుకుని బతికితే దేవత అనుగ్రహం, లేకుంటే విధి అని సరిపెట్టుకునేవారు. హైదరాబాదు, సికింద్రాబాదు హిజ్రాల జీవనంపై గాయత్రీ రెడ్డి రాసి 2005లో ప్రచురించిన పరిశోధన గ్రంథంలో ఈ ఆచారం చర్చకు వచ్చింది.

నిజాం పాలనలో 1919లో చేసిన చట్టం హిజ్రాల పేర్లను రిజిస్టరులో నమోదు చేయాలని ఆదేశించింది. వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారాన్ని పోలీసులకు కట్టబెట్టింది. పురుషాంగ ఛేదనను నేరంగా పరిగణించింది. దానితో ఆచారం ఆగలేదు, మరింత చాటుకు వెళ్లింది. ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టివేసింది.

క్రమంగా దాయమ్మ స్థానంలో చిన్న చిన్న క్లినిక్‌లు వెలిశాయి. రచయిత్రి, రంగస్థల నటి లివింగ్ స్మైల్ విద్య తన ఆత్మకథలో పుణె నుంచి రైలెక్కి కడపకు వచ్చి నిర్వాణం చేయించుకున్న తీరును వివరించారు. మరో తమిళ రచయిత్రి ఎ.రేవతి ఆత్మకథను పి.సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేయగా, ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది. శస్త్రచికిత్స కోసం పడే తపన, దానికి చెల్లించే మూల్యం తెలుగు పాఠకులకు ఈ పుస్తకం ద్వారా దగ్గరగా తెలిశాయి.

నెల్లూరు విషాదం

చాటుమాటు చికిత్స ఎంత ప్రమాదకరమో 2022 ఫిబ్రవరిలో నెల్లూరులో జరిగిన ఘటన చాటింది. ప్రకాశం జిల్లాకు చెందిన ఒక వ్యక్తికి లాడ్జి గదిలో ఇద్దరు ఫార్మసీ విద్యార్థులు శస్త్రచికిత్సకు పూనుకున్నారు. అధిక రక్తస్రావంతో ఆ వ్యక్తి మరణించారు. పోలీసులు కేసు నమోదు చేసి నిందితులను అరెస్టు చేశారు. మత్తు వైద్యుడు, రక్తం ఎక్కించే ఏర్పాటు, ముందస్తు రక్తపరీక్ష లేని చోట శస్త్రచికిత్సకు దిగితే ఫలితం ఇలాగే ఉంటుంది. ఆసుపత్రిలో అడిగే పరీక్షలు, పత్రాలు, నెలల నిరీక్షణ భారమనిపించి, తక్కువ ఖర్చులో త్వరగా అయిపోతుందన్న ఆశతో ఇటువంటి గదుల మెట్లెక్కుతున్నవారున్నారు.

ప్రాణం దక్కినా కష్టాలు వెంటాడుతాయి. మూత్రనాళం సన్నబడి మూత్రం బొట్లుబొట్లుగా రావడం, పదేపదే ఇన్ఫెక్షన్లు సోకడం మోటు పద్ధతిలో జరిగిన ఛేదన అనంతరం తరచుగా కనిపించే సమస్యలు. వృషణాలు తొలగించాక శరీరంలో హార్మోన్ల ఉత్పత్తి పడిపోతుంది. బదులుగా హార్మోన్లు తీసుకోకుంటే ఎముకలు గుల్లబారతాయి. దాయమ్మ గాని, లాడ్జి వైద్యుడు గాని ఈ సంగతి చెప్పరు.

ముందస్తు పరీక్షలు ఏమిటి?

అర్హత కలిగిన ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు ముందు సాధారణంగా నాలుగు దశలుంటాయి.

మొదటిది మానసిక ఆరోగ్య నిపుణుని పరిశీలన. మానసిక వైద్యుడు లేదా క్లినికల్ సైకాలజిస్టు పలుమార్లు మాట్లాడతారు. లింగ గుర్తింపు విషయంలో వ్యక్తి భావన చాలాకాలంగా నిలకడగా ఉన్నదా, చికిత్స ఫలితాలను, పరిమితులను అర్థం చేసుకున్నారా, సమ్మతి తెలిపే సామర్థ్యం ఉన్నదా, ఎవరైనా బలవంతపెడుతున్నారా అన్నవి పరిశీలిస్తారు. కుంగుబాటు వంటి సమస్య ఉంటే అది అనర్హత కాదు. దానిని ముందు చికిత్సతో అదుపులోకి తేవాలన్నదే నియమం. ఈ పరిశీలన ముగిశాక నిపుణుడు సిఫారసు లేఖ ఇస్తారు.

రెండవది హార్మోన్ల చికిత్స. దీనిని ఎండోక్రైనాలజిస్టు పర్యవేక్షిస్తారు. ట్రాన్స్‌జెండర్ మహిళలకు ఈస్ట్రోజెన్, పురుష హార్మోన్‌ను అణచే మందులు ఇస్తారు. ట్రాన్స్‌జెండర్ పురుషులకు టెస్టోస్టెరాన్ ఇస్తారు. కాలేయం పనితీరు, కొవ్వు, చక్కెర, హిమోగ్లోబిన్, హార్మోన్ల స్థాయిని ఎప్పటికప్పుడు పరీక్షిస్తారు. వైద్యుని సలహా లేకుండా మందుల దుకాణంలో గర్భనిరోధక మాత్రలు కొని మోతాదుకు మించి మింగేవారున్నారు. దీనివల్ల కాలి నరాల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం పోవచ్చు. పొగతాగేవారిలో ఈ ముప్పు మరింత ఎక్కువ.

మూడవది శస్త్రచికిత్సకు శరీరం సిద్ధంగా ఉన్నదో లేదో తేల్చే పరీక్షలు. రక్తవర్గం, రక్తం గడ్డకట్టే తీరు, మూత్రపిండాల పనితీరు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు వీటిలో ముఖ్యం. 2014-15లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ జరిపిన సర్వేలో హిజ్రా, ట్రాన్స్‌జెండర్ వర్గంలో హెచ్‌ఐవీ 7.5 శాతంగా తేలింది. అయితే హెచ్‌ఐవీ ఉన్నంత మాత్రాన శస్త్రచికిత్సకు అనర్హులు కారు. ఏఆర్‌టీ మందులతో వైరస్ అదుపులో ఉంటే చికిత్స చేయవచ్చు. మధుమేహం, రక్తపోటు అదుపులో ఉంచుకోవడం, పొగ మానడం, అధిక బరువు తగ్గించుకోవడం తప్పనిసరిగా సూచిస్తారు. చివరిగా మత్తు వైద్యుడు అంగీకారం తెలపాలి.

నాలుగవది సమ్మతి. వృషణాలు, అండాశయాలు, గర్భసంచి తొలగిస్తే తిరిగి రావు, సంతానయోగ్యత శాశ్వతంగా పోతుంది. కోరుకుంటే ముందుగానే వీర్యాన్ని లేదా అండాలను భద్రపరచుకునే వీలుంది. ఈ సంగతి హార్మోన్లు మొదలుపెట్టక ముందే చెప్పాలి. వయోజనుల విషయంలో తల్లిదండ్రుల అనుమతి చట్టపరంగా అవసరం లేదు. అయినప్పటికీ సంరక్షణకు ఎవరో ఒకరు తోడుండాలని ఆసుపత్రులు కోరుతాయి. నోటరీ చేయించిన అఫిడవిట్ అడగడం కూడా చాలాచోట్ల వాడుకలో ఉంది.

నిబంధనలు మారిన తీరు

ఈ పరీక్షలకు ప్రపంచవ్యాప్తంగా ప్రమాణంగా తీసుకునే మార్గదర్శకాలు 1979లో తొలిసారి వెలువడ్డాయి. ట్రాన్స్‌జెండర్ ఆరోగ్యంపై పనిచేసే అంతర్జాతీయ వృత్తి సంఘం వీటిని రూపొందిస్తోంది. 2011లో వచ్చిన ఏడో కూర్పు ప్రకారం జననాంగ శస్త్రచికిత్సకు ఇద్దరు నిపుణుల లేఖలు, 12 నెలల హార్మోన్ల చికిత్స అవసరం. యోని లేదా పురుషాంగ నిర్మాణానికైతే కోరుకున్న లింగ పాత్రలో 12 నెలలు జీవించి ఉండాలి. ఛాతీ శస్త్రచికిత్సకు ఒక్క లేఖ చాలు.

2022 సెప్టెంబరులో వచ్చిన ఎనిమిదో కూర్పు వీటిని సడలించింది. అర్హుడైన ఒక నిపుణుని పరిశీలన సరిపోతుందని, వృషణాలు, అండాశయాల తొలగింపునకు ముందు కనీసం ఆరు నెలల హార్మోన్ల చికిత్స ఉండాలని సూచించింది. హార్మోన్లు వద్దనుకునేవారికి, పడనివారికి మినహాయింపు ఇచ్చింది. రెండు లేఖల నిబంధన వల్ల సమయం, ధనం వృథా అవుతున్నాయని, నిపుణులు దొరకని ప్రాంతాలవారు నష్టపోతున్నారని చాలాకాలంగా వచ్చిన విమర్శ ఈ మార్పునకు ఒక కారణం. భారతీయ పరిస్థితులకు తగిన ప్రమాణాలను అసోసియేషన్ ఫర్ ట్రాన్స్‌జెండర్ హెల్త్ ఇన్ ఇండియా విడిగా ప్రచురించింది. ఆసుపత్రిని బట్టి నియమాల్లో తేడాలున్నందున, ఎన్ని లేఖలు కావాలో ముందుగానే అడిగి తెలుసుకోవడం మేలు.

వైద్యశాస్త్రం దృష్టి కూడా మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ఈ స్థితిని మానసిక రుగ్మతల జాబితా నుంచి తొలగించింది. లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో 'లింగ అసంగతం' అనే అర్థమిచ్చే పేరుతో చేర్చింది. కాబట్టి మానసిక వైద్యుని వద్దకు పంపడం పిచ్చి ఉన్నదని కాదు, తిరిగి సరిచేయలేని నిర్ణయాన్ని తెలిసి తీసుకుంటున్నారా లేదా అని చూడడానికే.

చికిత్స, ఆ తర్వాత

ట్రాన్స్‌జెండర్ మహిళలకు వృషణాల తొలగింపు, యోని నిర్మాణం, రొమ్ముల పెంపు ప్రధానమైన చికిత్సలు. యోని నిర్మాణానికి పురుషాంగ చర్మాన్ని గాని, పెద్దపేగులోని కొంత భాగాన్ని గాని వాడతారు. మార్గం మూసుకుపోకుండా నెలల తరబడి డైలేటర్ అనే సాధనం వాడుతుండాలి. ట్రాన్స్‌జెండర్ పురుషులకు రొమ్ముల తొలగింపు, గర్భసంచి, అండాశయాల తొలగింపు చేస్తారు. ముంజేతి చర్మంతో పురుషాంగాన్ని నిర్మించే చికిత్స వీటన్నిటిలో క్లిష్టమైనది, పలు దఫాలుగా సాగుతుంది. అన్నీ చేయించుకోవాలన్న నియమం లేదు.

చేయించుకున్నాక పశ్చాత్తాపపడేవారు ఎందరన్న ప్రశ్న తరచుగా తలెత్తుతుంది. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ కేంద్రం 1972 నుంచి 2015 వరకు తమ వద్దకు వచ్చిన 6,793 మంది వివరాలను పరిశీలించి 2018లో ప్రచురించింది. వృషణాలు లేదా అండాశయాలు తొలగించుకున్నవారిలో పశ్చాత్తాపం వ్యక్తం చేసినవారు ట్రాన్స్‌జెండర్ మహిళల్లో 0.6 శాతం, పురుషుల్లో 0.3 శాతం అని తేలింది. ఈ లెక్క క్షుణ్ణంగా పరీక్షలు జరిపే కేంద్రానిది. ఏ పరిశీలనా లేని చోట జరిగే చికిత్సలకు దీనిని వర్తింపజేయలేం.

చట్టం ఏం చెప్పింది?

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు జాతీయ న్యాయసేవల సంస్థ కేసులో చరిత్రాత్మక తీర్పునిచ్చింది. లింగ గుర్తింపును నిర్ణయించుకునే హక్కు వ్యక్తిదేనని, గుర్తింపునకు శస్త్రచికిత్సను షరతుగా పెట్టడం చట్టవిరుద్ధమని, అనైతికమని జస్టిస్ కె.ఎస్.రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె.సిక్రీల ధర్మాసనం స్పష్టం చేసింది.

2019లో పార్లమెంటు ఆమోదించిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2020 జనవరి 10న అమలులోకి వచ్చింది. కలెక్టరుకు దరఖాస్తు చేసుకుంటే ట్రాన్స్‌జెండర్‌గా ధ్రువపత్రం ఇవ్వాలని, శస్త్రచికిత్స చేయించుకుని స్త్రీగా లేదా పురుషుడిగా మార్పు కోరేవారు ఆసుపత్రి సూపరింటెండెంటు ఇచ్చే పత్రంతో సవరించిన ధ్రువపత్రం పొందవచ్చని ఆ చట్టం రెండు మెట్లుగా పేర్కొంది. చికిత్సకు ముందు, తర్వాత కౌన్సెలింగ్, హార్మోన్ల చికిత్స, శస్త్రచికిత్స అందించే బాధ్యతను ప్రభుత్వాలపై పెట్టింది. చట్ట సవరణలను బట్టి ధ్రువపత్రం నిబంధనలు మారతాయి. కనుక దరఖాస్తు చేసే ముందు కలెక్టరేట్‌లో తాజా నియమాలను విచారించుకోవాలి.

ఇష్టం లేని వ్యక్తికి బలవంతంగా పురుషాంగ ఛేదన చేయడం పాత శిక్షాస్మృతిలోను, 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలోను తీవ్ర గాయం కిందికి వచ్చే నేరం.

సాయం ఎక్కడ?

తమిళనాడు ప్రభుత్వం 2008లోనే ట్రాన్స్‌జెండర్ సంక్షేమ బోర్డు ఏర్పాటుచేసి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత శస్త్రచికిత్సకు బాట వేసింది. కేంద్రం 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ కింద ధ్రువపత్రం ఉన్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి ఏటా రూ.5 లక్షల వరకు వైద్య బీమా వర్తింపజేసే పథకాన్ని ప్రకటించింది. అందులో ఈ శస్త్రచికిత్సలనూ చేర్చారు. హైదరాబాదులో 2021లో దేశంలోనే తొలి సమగ్ర ట్రాన్స్‌జెండర్ క్లినిక్‌గా ప్రారంభమైన మిత్ర్, అమెరికా నిధులు నిలిచిపోవడంతో 2025 ఆరంభంలో మూతపడింది. అదే ఏడాది టాటా ట్రస్ట్స్ చేయూతతో సబ్‌రంగ్ పేరిట తిరిగి తెరుచుకుంది. రాష్ట్రంలో 18 ఏళ్లు నిండిన ట్రాన్స్‌జెండర్లకు ఇచ్చే పింఛను 2024 జులై పంపిణీలో నెలకు రూ.4 వేలకు పెరిగింది.

తణుకు పరిసరాలవారు ఏం చేయాలి?

తొలి అడుగు శస్త్రచికిత్స నిపుణుని వద్దకు కాదు, మానసిక ఆరోగ్య నిపుణుని వద్దకు. ఎవరితో మాట్లాడాలో తెలియనివారు 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. రక్తపరీక్షలు, హెచ్‌ఐవీ కౌన్సెలింగ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా లభిస్తాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పటి నుంచి తణుకువాసుల ధ్రువపత్రం పనులు భీమవరంలోని కలెక్టరేట్ పరిధిలోకి వచ్చాయి.

ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడగడం శ్రేయస్కరం. శస్త్రచికిత్స చేసే వైద్యునికి ప్లాస్టిక్ సర్జరీ లేదా యూరాలజీలో అర్హత ఉన్నదా? మత్తు వైద్యుడు, రక్తనిధి, అత్యవసర విభాగం అందుబాటులో ఉన్నాయా? మానసిక, హార్మోన్ల పరీక్షలు జరపకుండానే తేదీ ఇస్తున్నారా? చికిత్స అనంతరం వచ్చే సమస్యలకు ఎవరు బాధ్యత వహిస్తారు, సారాంశ పత్రం ఇస్తారా? పరీక్షలేమీ అక్కర్లేదు, రేపే వచ్చేయండి అన్నచోటికి వెళ్లకపోవడమే క్షేమం.

ఇంటివారి పాత్ర తక్కువది కాదు. బిడ్డ మనసులోని మాట విన్న కుటుంబం ఆసుపత్రి దాకా తోడు వెళుతుంది. వినని కుటుంబంలోని బిడ్డ చెప్పకుండా రైలెక్కి, ఊరు కాని ఊరిలో, పేరు తెలియని వ్యక్తి చేతికి ప్రాణం అప్పగించే ప్రమాదముంది. శస్త్రచికిత్స వద్దనుకున్నా, కావాలనుకున్నా ఆ నిర్ణయం వ్యక్తిదే. అది తొందరలో, చాటుగా, పరీక్ష లేకుండా జరగకుండా చూసే బాధ్యత మాత్రం కుటుంబంపైన, వైద్యులపైన, ప్రభుత్వంపైన సమానంగా ఉంది.